శివరాత్రి నుంచి ఉగాది దాకా: హైదరాబాద్ నగర పాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హైదరాబాద్ నగర పాలకులకు, పార్కులు, పారిశుద్ధ్యం, విద్యుత్తు చూసే అధికారులకు,



శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందన్న పెద్దల మాటను హైదరాబాద్ ఏటా నిజం చేస్తుంది. జనవరి 1న నాంపల్లిలో తెరుచుకునే నుమాయిష్ ప్రదర్శన ఫిబ్రవరి నడిమికి దుకాణాలు సర్దుకుంటుంది. స్వెట్టర్లు బీరువా పైఅరకు చేరతాయి. మార్చి రాగానే రోడ్ల పక్కన ఎర్రమట్టి రంజన్లు బారులు తీరతాయి. నుమాయిష్ మూతపడ్డాక, కూలర్ల మోత మొదలవక ముందు, ఈ నగరానికి ఒక చక్కటి రుతువు వచ్చి పోతుంది. దానికి టికెట్టు లేదు, ప్రారంభోత్సవం లేదు. ఇంత పెద్ద ఊళ్లో చాలామంది అది వచ్చిన సంగతి తెలియకుండానే ఎండాకాలంలో అడుగుపెడతారు.

వాతావరణ శాఖ లెక్కల్లో ఆ రుతువుకు చోటు లేదు. జనవరి, ఫిబ్రవరి ఆ శాఖకు చలికాలం. మార్చి నుంచి మే దాకా వేసవి. పంచాంగం చైత్ర వైశాఖాలను వసంతం అంటుంది గానీ వైశాఖం వచ్చేసరికి హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలకు చేరువవుతుంది. దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ ఊరి అసలు వసంతం శివరాత్రికి మొదలై, ఉగాది వెళ్లిన వారం పది రోజులకు ముగుస్తుంది. అటూ ఇటుగా ఆరు వారాలు. ఆ ఆరు వారాలు నగరవాసులందరికీ దక్కేలా చూడమని కోరడానికే ఈ లేఖ.

హైదరాబాద్ వసంతం రాలే ఆకుతో మొదలవుతుంది. చలిదేశాల చెట్లు మంచు పడకముందు ఆకు దులుపుకుంటాయి. ఇక్కడి చెట్లకు చలి పెద్ద కష్టం కాదు, నీటి ఎద్దడే కష్టం. అక్టోబరు దాటితే వానలు దాదాపు ఉండవు. నేల పైపొర ఎండేకొద్దీ బూరుగు, మోదుగ, రావి, కానుగ పాత ఆకును వదిలేస్తాయి. ఆకు లేకపోతే చెట్టు నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. అలా దాచుకున్న నీటితో, లోతుకు దిగిన వేళ్లు తెచ్చే తేమతో, వానలకు మూడు నెలల ముందే చెట్టు చిగురూ పువ్వూ తొడుగుతుంది. ఆకు అడ్డం లేని కొమ్మ మీది పువ్వు తేనెటీగకైనా పిట్టకైనా దూరం నుంచే కనబడుతుంది. ఇప్పుడు పూస్తేనే జూన్ తొలకరికల్లా గింజ ముదిరి నేలకు చేరుతుంది. ఎండలు ముదిరాక వీధుల్లో బూరుగు దూది ఎగురుతూ కనిపించేది అందుకే.

ఈ రోజుల్లో రావిచెట్టును తలెత్తి చూడాలి. లేత ఆకు రాగిరంగులో నిగనిగలాడుతూ వస్తుంది. ఆ ఎరుపు లేత ఆకును మండే ఎండ నుంచి కాపాడే పూత లాంటిదని వృక్షశాస్త్రం చెబుతుంది. ఆకు గట్టిపడేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం నిండుతుంది. కాలనీ వీధుల్లో నీడకోసం నాటిన కానుగలు కొద్ది రోజుల్లోనే మోడు నుంచి లేతపచ్చ గొడుగుగా మారతాయి. వేప కూడా అంతే: ముందు ఎర్రటి చిగురు, వెంటనే తెల్లటి పూత, రాత్రిపూట వీధంతా సన్నని వాసన.

2017 నవంబరులో మెట్రో నడక మొదలయ్యాక ఈ చెట్లను చూడడానికి కొత్త ఎత్తు దొరికింది. పట్టాలు స్తంభాల మీదుగా సాగుతాయి కాబట్టి, కింద నడిచేవాళ్లకు నీడగా మాత్రమే తెలిసిన చెట్టు తల ప్రయాణికులకు కిటికీలోంచి కనిపిస్తుంది. ఆఫీసుకు వెళ్లే దారిలోనే ఏ వీధిలో చిగురు వచ్చిందో, ఎక్కడ పూత పట్టిందో తెలిసిపోతుంది.

పూల వరుస కూడా ఒక పద్ధతిగా నడుస్తుంది. ఫిబ్రవరిలో ఆకుల్లేని కొమ్మల మీద బూరుగు ఎర్రగా విచ్చుకుంటుంది. దాని వెనకే మోదుగ. నగరం నడిబొడ్డున మోదుగలు అరుదు. శివార్ల కొండల్లో, బీళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ పూలు మరిగించి తీసిన కాషాయరంగు నీళ్లే ఒకప్పుడు హోలీ రంగు. ఆ తర్వాత మధ్య అమెరికా నుంచి వచ్చిన టబెబూయా గులాబీ రంగులో, దక్షిణ అమెరికా జకరండా ఊదారంగులో పూస్తాయి. ఏప్రిల్‌లో రేల బంగారు గుత్తులు దించుతుంది, మడగాస్కర్ నుంచి వచ్చిన గుల్మొహర్ ఎరుపెక్కుతుంది. అప్పటికి ఎండ కూడా ఎక్కుతుంది.

వీటిని చూడడానికి ఊరు దాటి పోనక్కర్లేదు. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే నిజాముల కాలం నాటి పబ్లిక్ గార్డెన్స్. శాసనసభ భవనం, జూబిలీ హాల్, పురావస్తు ప్రదర్శనశాల ఆ ఆవరణలోనే ఉన్నాయి. వాటి చుట్టూ పాతకాలపు పెద్ద చెట్లు ఉన్నాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య కేబీఆర్ పార్కు 350 ఎకరాలకు పైగా పరుచుకుంది. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి, చుట్టూ ఇళ్లు లేవకముందు ఆ కొండలన్నీ ఎలా ఉండేవో చూపిస్తుంది: ముళ్లపొదలు, ఆకురాల్చే చెట్లు, సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ బండలు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, దోమలగూడ ఇందిరా పార్కు, ఆర్ట్స్ కాలేజీ చుట్టూ ఉస్మానియా విశ్వవిద్యాలయం బాటలు. ఒక్కో ఆదివారం ఒక్కో చోటికి వెళ్తే ఆరు వారాలూ నిండిపోతాయి.

పిట్టల సంగతి వేరే చెప్పాలి. మార్చిలో తెల్లవారుజామున మొట్టమొదట వినిపించేది కోకిల. కూసేది నల్లటి మగపిట్ట. మచ్చల గోధుమరంగు ఆడపిట్ట కాకి గూడుకోసం చూస్తుంటుంది. కాకులు గూళ్లు కట్టే కాలమూ, కోకిల గొంతు విప్పే కాలమూ ఒకటే కావడానికి కారణం అది. ఎండ కాస్త పైకొచ్చాక రావి, మర్రి కొమ్మల్లోంచి టుక్ టుక్ మని సుత్తి దెబ్బల్లాంటి చప్పుడు వస్తుంది. అది పిచ్చుకంత కంసాలి పిట్ట. రావిపళ్లు, మర్రిపళ్లు దాని తిండి. ఎండిన కొమ్మకు తొలిచిన తొర్ర దాని ఇల్లు. తేనెపిట్టల మగవి ఈ రోజుల్లోనే నీలినలుపు మెరుపు తొడుక్కుని మందార చెట్ల చుట్టూ తిరుగుతాయి. చలికాలానికి వచ్చిన గులాబీ గోరింకలు మధ్య ఆసియాకు బయల్దేరేముందు బూరుగు, మోదుగ పూల తేనె తాగి పోతాయి. సంగారెడ్డి వైపు అమీన్‌పూర్ చెరువు దగ్గర వలసపిట్టల చివరి గుంపులను ఇంకా చూడవచ్చు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు.

వసంతం నాలుకకూ తెలుస్తుంది. మోండా మార్కెట్‌లో, మెహదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో చింతచిగురు కుప్పలు పడతాయి. దోసిలి చింతచిగురు కందిపప్పులో పడితే ఆ పూట ఇంకో కూర వెతకరు. పాతబస్తీ ఇళ్లలో అదే చిగురు మాంసంలో పడి చిగురు గోష్త్ అవుతుంది. మామిడి పిందెలు, పచ్చి మామిడికాయ పప్పు, వీధి మూల ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు. శివార్ల తోటల నుంచి ద్రాక్ష బుట్టలు; అనాబ్-ఎ-షాహీ అన్న ద్రాక్ష రకానికి పేరు తెచ్చిన ఊరు ఇది. సాయంత్రాలకు మూర మల్లెలు మొదలవుతాయి. గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో చామంతుల కాలం తగ్గి మల్లెల బుట్టలు పెరుగుతాయి. ఏప్రిల్ రాగానే తాటిముంజలు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ రాతి మంటపాల ముందు చేత్తో తిప్పిన ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకుని నిలబడే జనం ఈ నెలల్లో రాత్రి పొద్దుపోయేదాకా తగ్గరు.

ఉగాది ముందు రోజు బజార్లో వేపపువ్వు దొరకడం ఈ నగరంలో చిన్న పరీక్ష. ఉగాది తేదీ చంద్రుణ్ని బట్టి మారుతుంది: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. వేప మాత్రం ఎండను బట్టి పూస్తుంది. పండుగ ముందుగా వచ్చిన ఏడాది పువ్వుకోసం ఇంటింటి వేపచెట్టు కిందా వెతుకులాటే. పైగా 2021 నుంచి తెలంగాణలో వేపలకు శిలీంధ్రం సోకి కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోయే తెగులు విస్తరించింది. చాలా చెట్లు మళ్లీ చిగురించి తేరుకున్నాయి. పచ్చడి గిన్నెలో పడే ఆ చిటికెడు చేదు ఎంత సున్నితమైన దారిలో ఇంటికి చేరుతుందో ఆ ఏళ్లలో జనానికి అర్థమైంది.

ఈ మధ్య హైదరాబాద్ వసంతానికి ఇంకో శోభ తోడైంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే రంజాన్ పండుగ 11న వచ్చింది. 2025లో ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. ఒకే వారంలో ఒక వీధిలో పచ్చడి గిన్నెలు, పక్క వీధిలో షీర్ ఖుర్మా గిన్నెలు ఇళ్లు మారాయి. హిజ్రీ క్యాలెండర్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి రంజాన్ క్రమంగా చలికాలంలోకి వెళ్తుంది. 2026 దాటాక మళ్లీ ఈ కలయిక రావాలంటే దాదాపు మూడు దశాబ్దాలు ఆగాలి.

ఇంత సంపదకు ఖర్చు లేదు. అడ్డంకులు మాత్రం ఉన్నాయి, వాటిలో చాలావరకు మీ చేతిలో ఉన్నవే. అందుకే ఈ విన్నపాలు.

మొదటిది, కొమ్మల నరికివేతకు ఒక క్యాలెండర్. వేసవి గాలివానలకు తీగలు తెగకూడదని వైర్ల కింది కొమ్మలు కొట్టడం అవసరమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొట్టే కొమ్మ పూతతో, గూళ్లతో నేల కూలుతుంది. ఎండు కొమ్మే కదా అని తీసేసినప్పుడు కంసాలి పిట్ట తొర్ర కూడా పోతుంది. ఈ పని డిసెంబరు, జనవరిల్లో ముగించి, శివరాత్రి నుంచి ఉగాది దాటేవరకు ప్రమాదకరమైన కొమ్మలు తప్ప వేరేవి ముట్టకూడదని ఉత్తర్వు ఇవ్వండి. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. కొమ్మ కొట్టే వేళకూ అలాంటి ఒక కట్టుబాటు ఉండాలి.

రెండోది, చెట్టు మొదట్లో కాస్త మట్టి. కొత్త ఫుట్‌పాత్ వేసినప్పుడల్లా సిమెంటు మాను దాకా వస్తుంది. వానచుక్క వేరుకు దిగదు, గాలి దిగదు, మాను లావెక్కడానికి చోటుండదు. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఆ మీటరు హైదరాబాద్ చెట్లకూ ఇవ్వండి. లోతు వేళ్లలో తేమ మిగిలితేనే మార్చిలో చిగురు.

మూడోది, ఆకుల మంటలు. ఈ ఆరు వారాల్లోనే ఆకు ఎక్కువగా రాలుతుంది. తెల్లవారుజామున దాన్ని కుప్పచేసి అంటించడం చాలా వీధుల్లో అలవాటు. నడకకు వచ్చిన వృద్ధులు, ఉబ్బసం ఉన్న పిల్లలు ఆ పొగే పీలుస్తారు. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. జరిమానా కన్నా ముందు దారి చూపడం మేలు. ప్రతి పార్కులో ఒక మూల గొయ్యి తీయించి ఆకును ఎరువుగా మగ్గనిస్తే, ఊడ్చే కార్మికులకు అంటించాల్సిన అవసరమే పోతుంది. ఆ ఎరువు ఆ పార్కు మొక్కలకే పనికొస్తుంది.

నాలుగోది, పార్కుల వేళలు. చాలా పార్కులు ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచి, మధ్యలో తాళం వేస్తాయి. రాత్రి షిఫ్టు దిగిన ఐటీ ఉద్యోగికి, మధ్యాహ్నం బేరాల్లేని ఆటో డ్రైవరుకు, నాలుగిళ్లలో పని ముగించుకుని వచ్చే మహిళకు కాసేపు కూర్చునే నీడ కావలసింది ఆ మధ్యవేళలోనే. ఈ ఆరు వారాలైనా నగర పార్కులను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తెరిచి ఉంచండి. గేటు దగ్గర చలివేంద్రం ఏప్రిల్ దాకా ఆగకుండా మార్చిలోనే పెట్టండి. శుభ్రమైన మరుగుదొడ్డి, పనిచేసే లైట్లు ఉంటే ఆడవాళ్లు సాయంత్రం ఇంకో గంట నిశ్చింతగా ఉండగలరు.

ఐదోది, ఒక ఉదయం. 2021లో ఆదివారం సాయంత్రాలు హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి, ఆ దారిని నడిచేవాళ్లకు వదిలారు. పిల్లలు రోడ్డు మధ్యలో పరుగెత్తారు, ముసలివాళ్లు గట్టు మీద కూర్చుని నీళ్ల మధ్యలోని బుద్ధ విగ్రహాన్ని చూశారు. ఆ ప్రయోగాన్ని వసంతంలో ఆదివారం ఉదయాలకు కూడా తీసుకురండి: ప్రతి జోన్‌లో చెట్లు బాగున్న ఒక దారి, ఆరు నుంచి తొమ్మిది దాకా.

ఆరోది, ఏం నాటాలన్న సంగతి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంట పెంచిన పచ్చదనానికి 2022లో హైదరాబాద్ ప్రపంచ హరిత నగరం పురస్కారం అందుకుంది. అది గర్వించదగ్గ సంగతి. ఇక మొక్కల లెక్కతో పాటు రుతువుల లెక్కా చూడాలి. త్వరగా పెరుగుతుందని ఊరంతా నాటిన కోనోకార్పస్ ఏడాది పొడవునా ఒకేలా పచ్చగా ఉంటుంది. దాని కింద నిలబడితే ఏ నెలో తెలియదు. దాన్ని నాటొద్దని ప్రభుత్వమే తర్వాత చెప్పింది. పక్క రాష్ట్రంలోని బెంగళూరులో ఏం జరిగిందో చూడండి. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్, ఏడాదంతా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా వీధి చెట్లను ఎంపిక చేశాడు. 1980లలో అటవీ అధికారి నెగిన్‌హాళ్ నాయకత్వంలో లక్షల మొక్కలు నాటారు. ఇవాళ ఆ నగరంలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు మార్చిలో గులాబీ పూల కింద ఫొటోలు తీసుకుంటున్నాయంటే, దాని వెనక అధికారుల ముందుచూపు ఉంది. హైదరాబాద్ అదే పని తన చెట్లతో చేయవచ్చు. ఒక వీధి మోదుగలకు, ఒక వీధి రేలలకు, ఒక వీధి కానుగలకు. చోటు ఉన్న ప్రతి కూడలిలో ఒక రావి.

చివరిది, వసంతం వచ్చిందని చెప్పే ఏర్పాటు. టోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలో ఒక చెర్రీ చెట్టు ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకోగానే జపాన్ వాతావరణ శాఖ నగరంలో పూలకాలం మొదలైందని ప్రకటిస్తుంది. జనం చాపలు తీసుకుని పార్కులకు వెళ్తారు. హైదరాబాద్‌కూ అలాంటి గుర్తుచెట్టు ఒకటి ఉండాలి. బొటానికల్ గార్డెన్‌లో ఒక బూరుగునో మోదుగనో ఎంచుకుని, మొదటి పువ్వు విచ్చుకున్న రోజు నగరానికి చాటించండి. బడి పిల్లలు తమ వీధి చెట్టును వారం వారం చూసి చిగురు, పూత, కాయ నమోదు చేయడానికి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశంలో ఇప్పటికే నడుస్తోంది. నగరంలోని ప్రభుత్వ పాఠశాలలను అందులో చేర్చడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇవన్నీ ఎందుకంటారేమో. 2025 ఉగాది రోజునే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేల మీదికి యంత్రాలు దిగాయి. పక్కనున్న విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు, నగరమంతా మాట్లాడింది, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ వారంలో రోడ్డెక్కినవాళ్లలో చాలామంది ఆ చెట్ల కింద నడిచినవాళ్లే, ఆ పిట్టల పేర్లు తెలిసినవాళ్లే. చెట్టుతో పరిచయం ఉన్న జనం దాన్ని కాపాడుకునే పనిలో మీకు తోడుగా ఉంటారు. ఆ పరిచయం పెరగడానికి ఈ ఆరు వారాలను మించిన అదను ఏడాదిలో లేదు.

పై విన్నపాల్లో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. జనవరి మొదటి వారంలో పార్కులు, పారిశుద్ధ్యం, విద్యుత్తు, ట్రాఫిక్ విభాగాలవారు ఒక్కచోట కూర్చుని మూడు కాగితాలు తయారుచేస్తే చాలు: కొమ్మలు కొట్టే తేదీలు, పార్కుల కొత్త వేళలు, ఆదివారం నడకకు ఇచ్చే దారుల జాబితా. ఆ సమావేశానికి కాలనీ సంఘాలను, నడకకు వచ్చేవాళ్లను, పిట్టలు చూసేవాళ్లను కూడా పిలవండి. తమ వీధిలో ఎన్ని చెట్లున్నాయో, ఏది ఎప్పుడు పూస్తుందో, దేని మొదట్లో సిమెంటు నిండిందో రాసుకుని వస్తారు. శివరాత్రికి రెండు వారాల ముందు ఆ మూడు కాగితాలూ ప్రతి వార్డు కార్యాలయం గోడ మీద, ప్రతి పార్కు గేటు మీద అంటించాలని మనవి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుల పక్షాన ఒక నగరవాసి